ఓడెక్కే పిన్‌బాల్, ఊళ్లో దొరికే పిన్‌బాల్



పిన్‌బాల్ మెషిన్ కొనాలని బుద్ధి పుట్టినవాళ్లు ఎవరైనా మొదటి రాత్రి చేసే పని ఒకటే. అమెరికాలో దాని ధరెంతో చూస్తారు. దాన్ని ఆస్ట్రేలియా డాలర్లలోకి మారుస్తారు. ఇక్కడి డీలరు ధర పక్కన పెట్టి చూసి, డీలర్ని నాలుగు తిట్లు తిడతారు. మెల్‌బోర్న్‌లో పాత మెషిన్లు బాగుచేసే పని నాది. కాబట్టి ఆ తిట్లు వినడం కూడా నా పనిలో భాగమే. ఇక్కడి మన తెలుగువాళ్లలోనూ ఈ సరదా పెరుగుతోంది. టార్నీట్, పాయింట్ కుక్ లాంటి శివార్లలో రెండు కార్ల గరాజ్ ఉన్న ఇల్లు కొంటారు, కారేమో ఒకటే ఉంటుంది. మిగిలిన చోటు చూస్తే చెయ్యి ఊరుకోదు. "అన్నా, అక్కడ ఏడు వేలకే దొరుకుతోందట. పెట్టెలో పెట్టించి ఓడెక్కిస్తే పోలా?" అని ఫోన్ చేస్తారు.

పోతుందో పోదో ఈ పూట చూద్దాం.

ఆట తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఆరున్నర డిగ్రీల వాలుతో ఒక చెక్క బల్ల (దాన్నే ప్లేఫీల్డ్ అంటారు), పైన గట్టి అద్దం. 27 మిల్లీమీటర్ల స్టీలు బంతి పైనుంచి దొర్లుకుంటూ వస్తుంది. కింద రెండు ఫ్లిప్పర్లు. బటన్ నొక్కితే అవి బంతిని ఎగరగొడతాయి. చూడటానికి ఇంతే. బల్ల ఎత్తి కింద చూస్తే మాత్రం కళ్లు తిరుగుతాయి. కాయిళ్లు, స్విచ్చులు, బల్బులు, అర మైలు పొడవు వైరు. మొత్తం బరువు 110 కిలోల పైమాటే. బంతి ఎనభై గ్రాములే అయినా రోజంతా ఆ చెక్కనీ ఆ ప్లాస్టిక్కునీ బాదుతూనే ఉంటుంది. అంటే ఈ వస్తువు పగలడానికే పుట్టింది. ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒకటి విరుగుతుంది, కాలుతుంది, ఊడుతుంది. కొనేటప్పుడు ధర కంటే ముందు అడగాల్సింది అందుకే: అది పాడైన రోజున ఎవరొస్తారు?

ఇవి ఎక్కడివి అంటే, నూటికి తొంభై సార్లు చికాగో అని చెప్పొచ్చు. గాట్‌లీబ్, బాలీ, విలియమ్స్, అన్నీ ఆ ఊరివే. కరెంటుతో పనిచేసే ఫ్లిప్పర్లను తొలిసారి పెట్టిన 'హంప్టీ డంప్టీ' 1947లో గాట్‌లీబ్ చేసింది. న్యూయార్క్ నగరం ఈ ఆటను జూదమని 1942లో నిషేధించి 1976 దాకా ఆ నిషేధాన్ని అలాగే ఉంచింది. తయారుచేసే చికాగోలోనూ చాలాకాలం ఆడనివ్వలేదు! ఊళ్లో ఆడకూడని వస్తువును ఊరంతా కలిసి తయారుచేసి యూరప్‌కీ ఆస్ట్రేలియాకీ ఎగుమతి చేసుకున్నారన్నమాట. గాట్‌లీబ్ 1996లో మూతపడింది. విలియమ్స్ 1999లో పిన్‌బాల్ నుంచి తప్పుకుంది. అదే ఏడాది గ్యారీ స్టెర్న్ అనే ఆయన సెగా కంపెనీ పిన్‌బాల్ విభాగాన్ని కొని స్టెర్న్ పిన్‌బాల్‌గా నడపడం మొదలుపెట్టారు. ఆ తర్వాత పదేళ్లకు పైగా పెద్ద ఎత్తున మెషిన్లు చేసింది ఆ ఒక్క కంపెనీయే. ఇప్పుడు జెర్సీ జాక్ వంటివి మరికొన్ని ఉన్నాయి. అయినా కొత్త మెషిన్ అంటే దాదాపు ఎప్పుడూ పసిఫిక్ దాటి రావలసిందే. డీలరు దగ్గర కొన్నా అది దిగుమతే. దిగుమతి చేసే తలనొప్పి మీదా, ఆయనదా అన్నదే తేడా.

ఇప్పుడు ఆ ఏడు వేల లెక్క వేద్దాం. ఇవి లెక్క కోసం నేను వేసుకున్న అంకెలు, మీకు వేరేగా రావచ్చు. ఏడు వేల అమెరికా డాలర్లు. మన డాలరు అక్కడి అరవై అయిదు సెంట్లు అనుకుంటే, ఇక్కడి డబ్బులో 10,770. ఒక్క మెషిన్‌కి కంటైనర్లో చోటు, సముద్రపు ఇన్సూరెన్సు కలిపి 1,500 వేసుకోండి. మొత్తం 12,270. దీని మీద పది శాతం జీఎస్టీ. గమనించండి, జీఎస్టీ వస్తువు ధర మీదే కాదు, ఓడ కిరాయి మీదా ఇన్సూరెన్సు మీదా కూడా పడుతుంది. అది 1,227. ఇక రేవులో కంటైనర్ విప్పినందుకు ఒకరు, కాగితం చేతికిచ్చినందుకు ఒకరు, కస్టమ్స్ బ్రోకరు, చివరికి టెయిల్ లిఫ్ట్ ఉన్న లారీ. తలా కాస్త కలిపి వెయ్యి. మొత్తం పద్నాలుగున్నర వేలు.

ఏడుతో మొదలై పద్నాలుగున్నర దగ్గర తేలాం. పెరిగినదాంట్లో సగానికి పైగా మారక రేటు చేసిన పనే. ఆ రేటు నుంచి డీలరు కూడా తప్పించుకోలేడు. కానీ ఆయన కంటైనర్ నిండా తెస్తాడు కాబట్టి ఒక్కో మెషిన్‌కి ఓడ కిరాయి తగ్గుతుంది, ఫ్యాక్టరీ దగ్గర ఆయనకు టోకు ధర ఉంటుంది. ఇంకొకటి. అమెరికాలో రాసిన ధరలో అమ్మకం పన్ను కలిసి ఉండదు. ఇక్కడ బోర్డు మీద రాసిన ధరలో జీఎస్టీ కలిసే ఉండాలి, అది చట్టం. మీరు ఆ రాత్రి పక్కపక్కన పెట్టి చూసింది పన్ను లేని అంకెనీ పన్ను ఉన్న అంకెనీ.

కస్టమ్స్ డ్యూటీ మాట అడుగుతారు. అమెరికాలో తయారైనదని రుజువు చూపగలిగితే, 2005 జనవరి 1 నుంచి అమలులో ఉన్న అమెరికా-ఆస్ట్రేలియా స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం కింద డ్యూటీ ఉండదు. వస్తువు విలువ వెయ్యి డాలర్లు దాటితే దిగుమతి డిక్లరేషన్ వేయక తప్పదు. పిన్‌బాల్ ఏదైనా దాటేస్తుంది. అమ్మినవాడు "బిల్లు మీద తక్కువ రాస్తాలే" అంటే మాత్రం వద్దనండి. అది నేరం. పైగా ఓడలో పెట్టె నలిగితే ఇన్సూరెన్సు వాళ్లు ఆ తక్కువ అంకే చూపిస్తారు.

ఇంత లెక్క వేసినా, కొత్త మెషిన్ విషయంలో ఒక్కోసారి తెప్పించుకోవాలా వద్దా అన్న ప్రశ్నే పుట్టదు. తయారీదారులు సాధారణంగా దేశాల వారీగా డీలర్లకు ప్రాంతాలు పంచి ఇస్తారు. అమెరికా డీలరు మీకు అమ్మనని మర్యాదగానే చెబుతాడు. ఎవరో ఒకరు అమ్మారే అనుకుందాం. వారంటీ కోసం ఇక్కడి డీలరు తలుపు తడితే "నేను అమ్మలేదు కదండీ" అంటాడు. అందులో ఆయన తప్పేమీ లేదు.

ఇక్కడ కొంటే వారంటీ కాగితం కంటే బలమైనది ఇంకొకటి ఉంది, ఆస్ట్రేలియా వినియోగదారుల చట్టం. ఇంటి వాడకానికి కొన్న వస్తువు నాణ్యంగా లేకపోతే, లోపం పెద్దదైతే, డబ్బు వెనక్కో వేరే వస్తువో ఎంచుకునే హక్కు కొన్నవాడిదే. వారంటీ తేదీ దాటినంత మాత్రాన ఆ హక్కు పోదు. అమెరికాలో ఉన్న అమ్మకందారు మీద ఇదే హక్కును సాధించడం కాగితం మీద సులువు, పనిలో కాదు. నూటపది కిలోల పెట్టెను వెనక్కి పంపే ఓడ కిరాయి ఎవరిస్తారు?

అందుకని కొత్త మెషిన్ గురించి నాకు రెండో ఆలోచన లేదు. ఇక్కడే కొనండి. బేరం ఆడండి, ఆడకుండా కొనకండి. ధర దిగకపోతే డెలివరీ, ఇంట్లో బిగించి లెవెల్ చూసి ఇవ్వడం, ఒక సెట్టు రబ్బర్లు అడగండి. కొత్తది పెట్టె విప్పగానే పర్‌ఫెక్ట్‌గా ఆడుతుందని ఎవరు చెప్పినా నమ్మకండి. ఊడిన కనెక్టరు, సరిగా కూర్చోని స్విచ్చు ఫ్యాక్టరీ నుంచి వచ్చినవాటిలోనూ ఉంటాయి. మంచి డీలరు పెట్టె ముందే విప్పి, ఆడి, సరిచేసి మరీ పంపుతాడు. పెట్టె విప్పకుండా పంపేవాడికి డీలరని అదనంగా డబ్బు ఎందుకివ్వాలో నాకైతే తెలియదు.

ముందే డబ్బు కట్టించుకునే చిన్న తయారీదారుల సంగతి వేరు. నెదర్లాండ్స్‌లో డచ్ పిన్‌బాల్ అనే సంస్థ 'ది బిగ్ లెబౌస్కీ' సినిమా మీద మెషిన్ ప్రకటించి డబ్బు తీసుకుంది. తయారీ ఒప్పందం తీసుకున్న కంపెనీతో గొడవొచ్చి, మొదట కట్టిన చాలామంది ఏళ్ల తరబడి ఎదురుచూశారు. వేల్స్‌లో హైవే పిన్‌బాల్ 2018లో మూతపడింది. ఇలాంటప్పుడు మధ్యలో స్థానిక డీలరు ఉంటే కనీసం తలుపు తట్టడానికి ఒక తలుపు ఉంటుంది.

అసలు రుచి పాత మెషిన్ల దగ్గర ఉంది. దిగుమతికి అర్థం ఉండేదీ అక్కడే.

1992లో బాలీ పేరు మీద వచ్చిన 'ది ఆడమ్స్ ఫ్యామిలీ' 20,270 తయారయ్యాయి. అంతకన్నా ఎక్కువ అమ్ముడైన ఫ్లిప్పర్ మెషిన్ లేదంటారు. అవి ఆస్ట్రేలియాలోనూ దొరుకుతాయి, తేనక్కర్లేదు. 1997 నాటి 'మెడీవల్ మ్యాడ్‌నెస్' 4,016 మాత్రమే. అలాంటివాటికి, లేదా ఇక్కడికి ఎప్పుడూ పెద్దగా రాని మోడళ్లకి, బయట చూడాల్సిందే. కానీ చూసేముందు కరెంటు సంగతి తెలుసుకోండి.

అమెరికాలో 120 వోల్టులు, 60 హెర్ట్జ్. ఇక్కడ 230 వోల్టులు, 50 హెర్ట్జ్. అక్కడి మెషిన్‌కి మన ప్లగ్గు బిగించి గోడకు పెడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. తొంభైల నాటి విలియమ్స్, బాలీ మెషిన్లలో ట్రాన్స్‌ఫార్మర్‌కి రెండు వోల్టేజీలకూ ఏర్పాటు ఉంటుంది. జంపర్ కనెక్షన్లు మార్చి, మెయిన్ ఫ్యూజు ఇక్కడి విలువది వేయాలి. బ్యాక్‌బాక్స్‌లో, అంటే స్కోరు చూపించే నిలువు పెట్టెలో, ట్యూబ్‌లైటు ఉంటే దాని చోకు కూడా చూడాలి, జనం మరిచిపోయేది ఇదే. డెబ్భైల నాటి ఎలక్ట్రోమెకానికల్ మెషిన్లు మరో రకం. వాటిలో చిప్పు ఉండదు, రిలేలూ ఒక స్కోర్ మోటారూ లెక్కంతా చూసుకుంటాయి. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి వోల్టులు తగ్గించినా హెర్ట్జ్ తగ్గవు, పెరగవు. అరవైకి పుట్టిన మోటారు యాభై మీద ఆరో వంతు నెమ్మదిగా తిరుగుతుంది. స్కోరు టకటకమని పడాల్సింది నీరసంగా పడుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ కూడా మామూలుకన్నా వేడెక్కుతుంది. కొత్త మెషిన్లలో స్విచ్ మోడ్ పవర్ సప్లై ఉంటుంది కాబట్టి ఇబ్బంది తక్కువ. అయినా లేబుల్ చదవండి. ఈ పనులు లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి. వీటికి కాళ్లు, తాళాలు, అంచులు, అన్నీ లోహమే. ఎర్త్ వైరు ఊడిన మెషిన్ మీద పిల్లలు చేతులు వేసి ఆడతారు.

ఈ కారణంగానే, పాతది దిగుమతి చేసుకోవాలనుకునేవాళ్లకి నేను జర్మనీ, ఫ్రాన్స్ వైపు చూడమంటాను. అప్పట్లో చికాగో సరుకులో పెద్ద భాగం యూరప్ కెఫేలకు వెళ్లింది. అవి పుట్టుకతోనే మన కరెంటుకు సరిపడా కట్టినవి. ప్లగ్గు మారిస్తే చాలు. కొన్ని జర్మన్‌లో మాట్లాడతాయి. దానికి ప్రోగ్రాం చిప్పు మార్చుకోవచ్చు, మార్చకపోయినా ఆట ఆగదు. చిక్కేమిటంటే, అవి కెఫేలలో పొగ తాగే జనం మధ్య వేల గంటలు ఆడినవి. అమెరికా బేస్‌మెంట్‌లో ఒకే కుటుంబం ఆడుకున్న దానితో పోలిస్తే ప్లేఫీల్డ్ అరుగుదల ఎక్కువ. కరెంటు సుఖం కావాలా, చెక్క సుఖం కావాలా తేల్చుకోవాలి. అమెరికాలో తయారై జర్మనీ మీదుగా వచ్చే దానికి డ్యూటీ మినహాయింపు దానంతటదే వర్తిస్తుందనుకోకండి, బ్రోకర్ని ముందే అడగండి.

ఫొటోలు చూసి కొనేవాళ్లకి ఒక మాట. అమ్మేవాడు పంపే ఫొటోలు ఎప్పుడూ పైనుంచి, లైట్లన్నీ వెలిగించి తీసినవే ఉంటాయి. ప్లేఫీల్డ్ ఎత్తి కింది వైపు తీసి పంపమనండి. బ్యాక్‌బాక్స్ తెరిచి సీపీయూ బోర్డు మీద బ్యాటరీ ఉన్న చోటు దగ్గరగా తీయమనండి. తొంభైల మెషిన్లలో మూడు పెన్సిల్ సెల్స్ ఉంటాయి. ఎనభైల తొలినాళ్ల బాలీ బోర్డుల మీద అయితే ఏకంగా సోల్డర్ చేసిన చిన్న రీఛార్జబుల్ బ్యాటరీ. అది కారితే ఆ ఆల్కలీ రాగి దారుల్ని తినేస్తుంది. ఫొటోలో పచ్చని చిలుము కనిపించిందంటే బోర్డు ఖర్చు ధరలో కలుపుకోండి. లైట్లకు కరెంటిచ్చే కనెక్టర్లు మాడి గోధుమ రంగుకు తిరిగాయేమో చూడండి. అద్దం తీసి, స్విచ్ టెస్టు, కాయిల్ టెస్టు నడుపుతూ వీడియో అడగండి. అడిగితే విసుక్కునేవాడి దగ్గర కొనకండి.

ప్యాకింగు మీద నాకున్నంత పట్టుదల ఇంకే విషయం మీదా లేదు. కాళ్లు విప్పాలి. బ్యాక్‌బాక్స్ ముందుకు మడిచి, మధ్యలో ఫోమ్ పెట్టి కట్టాలి. బంతులు తీసి సంచిలో వేయాలి. ఇది మరిచినందుకు ప్లేఫీల్డ్ పాడైన మెషిన్లను నేను బాగుచేశాను. ఓడ ఊగినన్ని వారాలూ ఆ స్టీలు బంతి లోపల తిరుగుతూ రంగు చెక్కేస్తుంది. పెన్సిల్ సెల్స్ తీసేయాలి. తేమ పీల్చే సంచులు రెండు మూడు వేయాలి. కాయిన్ డోర్ (నాణేలు వేసే ముందు తలుపు) తాళంచెవి లోపల వేసి మూసేసే మహానుభావులు ప్రతి దేశంలోనూ ఉన్నారు. తాళంచెవిని పెట్టె బయట టేపుతో అంటించమనండి, దాని ఫొటో కూడా పంపమనండి.

చెక్క పెట్టె, చెక్క ప్యాలెట్ అయితే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం వేడి చేసినట్టో మందు పట్టించినట్టో ముద్ర ఉండాలి. ముద్ర లేకపోతే ఇక్కడ బయోసెక్యూరిటీ వాళ్లు ఆపుతారు. ఎయిర్‌పోర్టులో మీ అమ్మగారి ఆవకాయ సీసాను ఎత్తి ఎత్తి చూసింది ఆ శాఖే, కొత్తగా పరిచయం చేయనక్కర్లేదు. బేస్‌మెంట్‌లో ఏళ్లు పడున్న మెషిన్ అడుగున సాలీడు గూళ్లు, మట్టి ఉంటే శుభ్రం చేయించే పంపించమనండి. ఏటా సెప్టెంబర్ నుంచి ఏప్రిల్ చివరిదాకా అమెరికా నుంచీ, యూరప్‌లో చాలా దేశాల నుంచీ వచ్చే సరుకు మీద స్టింక్ బగ్ అనే పురుగు కోసం ప్రత్యేక నిబంధనలు ఉంటాయి. మీ పెట్టెకు ఆ నిబంధన వర్తించకపోయినా, అదే కంటైనర్లో పక్కవాడి ఇనప సామానుకు వర్తిస్తే అందరి సరుకూ ఆగుతుంది. చోటు పంచుకున్నవాడికి ఆలస్యంలోనూ వాటా వస్తుంది.

నిజంగా లాభం వచ్చే దారి ఒకటుంది, అది మనవాళ్లకే ఎక్కువ పనికొస్తుంది. అమెరికాలో హెచ్1బీ వీసా మీద ఉండి, విసిగి, ఇక్కడికి పీఆర్ (శాశ్వత నివాసం) మీద వచ్చేస్తున్న తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. అక్కడ మెషిన్ కొని పన్నెండు నెలలకు మించి మీ దగ్గర ఉండి, మీరు వాడినదైతే, ఇంటి సామానుతో పాటు తెచ్చుకున్నప్పుడు దాని మీద డ్యూటీ, జీఎస్టీ రెండూ ఉండవు. కంటైనర్ ఎలాగూ సోఫాల కోసం వస్తోంది, దాని కిరాయి ఎలాగూ కడుతున్నారు. అక్కడి కొన్న బిల్లు దాచుకోండి, తేదీ అడుగుతారు. బయోసెక్యూరిటీ తనిఖీ మాత్రం ఉంటుంది. వచ్చే ఏడు ఇటు రావాలనుకుంటున్న డల్లాస్ బంధువులు మీకుంటే చెవిన వేయండి.

బయటి దేశం మాటే వద్దనుకునే వాళ్లకి ఇక్కడే ఒక కొసరు ఉంది. న్యూ సౌత్ వేల్స్‌లోని న్యూకాజిల్‌లో హ్యాంకిన్ అనే కంపెనీ 1970ల చివర్లోనూ 1980లోనూ సొంతంగా పిన్‌బాల్ మెషిన్లు తయారుచేసింది. హోల్డెన్ కారు మీద 'ఎఫ్‌జే', సొర చేప మీద 'షార్క్', చివరికి 'ది ఎంపైర్ స్ట్రైక్స్ బ్యాక్' సినిమా మీద కూడా చేశారు. వాటిలో క్రికెట్ మీద చేసినది ఒకటుంది, పేరు 'హౌజాట్'. అమెరికా వాడికి అర్థం కాని పిన్‌బాల్ అది! దొరికితే వదలకండి. కరెంటు ఇక్కడిదే, కంటైనర్ లేదు, పురుగుల సీజను లేదు. విడిభాగాలు దొరకడం కష్టం, కాబట్టి నాకు ఫోన్ చేస్తారు.

ఇన్ని చెప్పినా కొందరు తెప్పించుకునే తీరతారని నాకు తెలుసు. పెట్టె గుమ్మంలో దిగాక ఏం చేయాలో కూడా చెప్పేస్తాను. లారీ వెళ్లకముందే పెట్టె నాలుగు వైపులా ఫొటోలు తీయండి. సొట్ట ఉంటే డ్రైవరు కాగితం మీద రాసి సంతకం పెట్టండి. ఇద్దరు మనుషులు చాలరు, ముగ్గుర్ని పిలవండి, అందులో ఒకరు నడుం నొప్పి లేనివాళ్లై ఉండాలి. కాళ్లు బిగించి నిలబెట్టాక అద్దం తీసి, ప్లేఫీల్డ్ ఎత్తి, అడుగున రాలిన మరలు, విరిగిన ప్లాస్టిక్కు, ఊడిన కనెక్టర్లు ఏరండి. ట్రాన్స్‌ఫార్మర్ జంపర్లు, ఫ్యూజులు ఎలక్ట్రీషియన్ చూసేదాకా ప్లగ్గు గోడకు పెట్టొద్దు, పిల్లలు ఎంత గోల చేసినా సరే. ఆయన చూశాక బంతులు లేకుండానే ఆన్ చేసి టెస్టు మెనూలో ఒక్కో స్విచ్చూ, ఒక్కో కాయిలూ నడిపించండి. ఏదైనా కాయిల్ గుయ్యిమంటూ పట్టుకుని ఉండిపోతే వెంటనే స్విచ్ ఆపండి, అది అర నిమిషంలో కాలిపోగలదు. అన్నీ దాటితే కొత్త బంతులు వేయండి. పాత గీతలు పడ్డ బంతులు మళ్లీ వాడకండి, అవి ప్లేఫీల్డ్‌ను గీస్తాయి. కొత్త బంతి ధర మూడు నాలుగు డాలర్లు, దాని దగ్గర పిసినారితనం వద్దు.